మా పేట బేకరీ మ్యూజియం కాదండీ

ఈ మధ్య మనవాళ్ళకి ఒక జబ్బు పట్టుకుంది. సంక్రాంతికో, ఎవరిదో పెళ్ళికో ఊరికి వెళ్తారు. టీజీ నంబరు బండో, కేఏ నంబరు బండో సెంటర్లో అడ్డంగా ఆపుతారు. చిన్నప్పటి బేకరీలో ఒక ఎగ్ పఫ్, ఒక దిల్‌పసంద్ ముక్క కొంటారు. ఫోటో తీస్తారు. తర్వాత కొరుకుతారు (క్రమం గమనించండి). మొహం అదోలా పెడతారు. సాయంత్రానికల్లా కాలేజీ గ్రూపులో మెసేజ్ దిగుతుంది... "ఏంటో మామా, ఆ రుచి లేదు. వీళ్ళు కూడా కమర్షియల్ అయిపోయారు." దాని కింద నలభై మంది తలా ఒక ఏడుపు బొమ్మ.

ఆ "కమర్షియల్" అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. అంటే మన చిన్నప్పుడు ఆయన ధర్మసత్రం నడిపాడా? అప్పుడూ డబ్బులిస్తేనే కదా బన్ను చేతిలో పెట్టింది? డబ్బుల్లేకపోతే పద్దు పుస్తకంలో రాసుకుని, పత్తి అమ్మాక మన నాన్నల దగ్గర వసూలు చేసుకున్నాడు. వ్యాపారం ఆయనకి అప్పుడూ వ్యాపారమే. మనం పిల్లలం కాబట్టి మనకి కనిపించలేదు. అంతే.

మాది చిలకలూరిపేట. గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య, హైవే మీద. ఆ చుట్టుపక్కల వాళ్ళెవరూ పూర్తి పేరు పలకరు, "పేట" అంటే చాలు. నల్లరేగడి భూములు, పత్తి, మిర్చి, జిన్నింగు మిల్లులు, స్పిన్నింగు మిల్లులు, పురుగుమందుల షాపులు. ఇలాంటి ఊళ్ళో బేకరీ ఎవరికోసం పెట్టారనుకుంటున్నారు? స్కూలు నుంచి వస్తూ నాలుక చప్పరించే మనకోసం కాదు. ఇది మనవాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోని మొదటి సంగతి.

తెల్లవారుజామున సైకిలు వెనక రేకు డబ్బా కట్టుకుని కుర్రాళ్ళు బయల్దేరేవాళ్ళు. ఆ డబ్బాలు టీ కొట్లకి వెళ్ళేవి. ఆ బన్నులు తినేది మిల్లు కార్మికులు, బేళ్ళు మోసే హమాలీలు, లారీ డ్రైవర్లు, పొలానికి వెళ్ళే కూలీలు. నవంబరు నుంచి పత్తి తీతలు, సంక్రాంతి దాటితే మిరప కోతలు. పశ్చిమ కర్నూలు నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి, ఊళ్ళకి ఊళ్ళే పిల్లాజెల్లాతో మన గుంటూరు పొలాలకి వలస వస్తాయి. ఇప్పటికీ వస్తున్నాయి. వాళ్ళకి పొద్దున్నే వండుకునే తీరిక ఉండదు. ఒక బన్ను, గ్లాసుడు టీ. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల తెల్లవారుజామున ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడి చూడండి, బేకరీ అనేది ఎవరి తిండో తెలుస్తుంది.

రెండో రకం గిరాకీ ఆస్పత్రి. మనిళ్ళల్లో రొట్టె అంటే జ్వరం తిండి. ఎవరికైనా జ్వరం వస్తే తప్ప రొట్టె ఇంటికి వచ్చేది కాదు. పాలల్లో ముంచి పెడితే తినాలి, వద్దంటే తిట్లు. ఆస్పత్రిలో ఉన్న చుట్టాన్ని చూడ్డానికి వెళ్తే చేతిలో ఒక రొట్టె, అరడజను బత్తాయిలు. ఒక తరం మొత్తానికి బ్రెడ్ వాసన అంటే డెట్టాల్ వాసన గుర్తొస్తుంది. (నాకు ఇప్పటికీ అంతే. జూబ్లీహిల్స్‌లో సోర్‌డో బ్రెడ్ ముందు పెట్టినా "ఎవరికి బాలేదు?" అనిపిస్తుంది.)

ఆ తర్వాత, ఎక్కడో మూడో స్థానంలో, మనం. రూపాయి బిళ్ళ పట్టుకుని గాజు బీరువా ముందు నిలబడి క్రీమ్ బన్నా, కోకోనట్ బన్నా, టూటీఫ్రూటీ కేకా అని పావుగంట తేల్చుకోలేని బాపతు. ఆయన లెక్కలో మనం చిల్లర. మన జ్ఞాపకాల్లో మాత్రం ఆ బేకరీకి మనమే హీరోలం.

సరే, రుచి సంగతికి వద్దాం. రుచి మారలేదని నేను అనను. మారింది. ఎందుకు మారిందో తెలుసుకునే ఓపిక మనలో ఒక్కడికీ లేదన్నదే నా గొడవ. ప్రొడక్షన్‌లో ఒక బగ్ వస్తే రూట్ కాజ్ అనాలసిస్ అని నలుగురం కూర్చుని రెండు రోజులు తవ్వుతాం కదా. పఫ్ రుచి మారితే మాత్రం నేరుగా తీర్పే. "వాళ్ళు పాడైపోయారు."

తవ్వుదాం రండి.

ముందు కొవ్వు. పఫ్ అంటే ఏమిటి? మైదా ముద్దని పరిచి, దాని మీద కొవ్వు రాసి, మడిచి, మళ్ళీ పరిచి, మళ్ళీ మడిచి... పొర మీద పొర. బట్టీలో పెట్టాక పిండిలో ఉన్న నీళ్ళు ఆవిరై పొరల్ని పైకి లేపుతాయి. మధ్యలో కొవ్వు ఉండబట్టి పొరలు అతుక్కోవు. అందుకే కొరకంగానే చొక్కా నిండా పొట్టు. ఈ పని వెన్నతో చేస్తే మన ఎండలకి మడతపెట్టేలోపే కరిగి కారిపోతుంది. అందుకని డాల్డా, బేకరీ మార్జరిన్. ఆ గట్టిదనం ఎక్కణ్ణించి వచ్చింది? నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించడం వల్ల. దాంతోపాటు వచ్చేవే ట్రాన్స్ ఫ్యాట్లు, అంటే గుండె రక్తనాళాలకి సున్నం కొట్టే సరుకు. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో వాటిని 2021 జనవరి నుంచి 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి మించకూడదని ఆహార భద్రతా సంస్థ కట్టడి చేసింది. దాంతో ఆ కొవ్వులు తయారుచేసే పద్ధతులే మారాయి. ఇప్పుడొచ్చే మార్జరిన్ కరిగే తీరు వేరు, నోట్లో తగిలే తీరు వేరు. మీకు తేడాగా అనిపించింది అదే. నలభై దాటగానే ఏడాదికోసారి కంపెనీ ఖర్చుతో లిపిడ్ ప్రొఫైల్ చేయించుకునే జనం, "ఆ పాత డాల్డా రుచి లేదు" అని ఏడవడం ఏమిటండీ?

ఇక రొట్టె, బన్ను. "అప్పట్లో బన్ను ఎంత మెత్తగా, ఎంత పొంగి ఉండేదో!" ఉండేది మరి. ఆ రోజుల్లో పిండిలో పొటాషియం బ్రోమేట్ కలపడానికి చట్టం ఒప్పుకునేది. పిండికి సాగే గుణం వస్తుంది, రొట్టె బాగా పొంగుతుంది. అది క్యాన్సర్ కారకం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో జాబితాలో పెట్టింది. మన దగ్గర 2016 మేలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు 38 రకాల రొట్టెలు, బన్నులు, పిజ్జా బ్రెడ్లు పరీక్ష చేయిస్తే 84 శాతంలో బ్రోమేట్, అయోడేట్ జాడలు కనిపించాయి. పెద్ద గోల అయింది. ఆ జూన్‌లోనే బ్రోమేట్‌ని నిషేధించారు. మా పేట బేకరీలో కలిపేవారో లేదో ఎవరూ పరీక్ష చెయ్యలేదు కాబట్టి నేనేమీ అనను. కానీ ఆ కాలం మెత్తదనం ఏదో అమృతం అన్నట్టు మాట్లాడేవాళ్ళు ఆ కాలం డబ్బాల మీద ఏం రాసి ఉండేదో కూడా ఒకసారి చదువుకుంటే మంచిది.

మూడోది బట్టీ. ఇక్కడ మాత్రం నిజంగానే ఒక మంచి విద్య పోయింది, అది నేనూ ఒప్పుకుంటాను. పాత బట్టీ అంటే ఇటుకలతో కట్టిన గుమ్మటం. లోపలే కట్టెలు మండించి, ఇటుక ఎర్రగా కాలాక నిప్పులు బయటికి లాగేసి, తడిగుడ్డతో నేల తుడిచి సరుకు పెడతారు. ఆ తర్వాత మంట ఉండదు. ఇటుకల్లో దాగిన వేడితోనే రాత్రంతా పని. మొదటి వేడికి రొట్టెలు, కాస్త తగ్గాక బన్నులు, ఇంకా తగ్గాక కేకులు, బిస్కట్లు. ఆఖరికి ఆరిపోయే వేడిలో ముందురోజు మిగిలిన రొట్టెని ముక్కలు కోసి పెడితే పొద్దుటికి రస్కులు. ఏదీ వృథా కాదు. థర్మామీటర్ లేదు. మాస్టర్ లోపలికి చెయ్యి పెట్టి అంకెలు లెక్కపెట్టేవాడు, ఎంతసేపు ఆపగలిగాడన్న దాన్ని బట్టి ఏం పెట్టాలో తేల్చేవాడు. మనం రాసే బ్యాచ్ జాబ్ షెడ్యూలింగులు దాని ముందు బలాదూర్. ఒక్కటంటే ఒక్క స్టెప్ వెనక్కి తిప్పడానికి లేదు, రోల్‌బ్యాక్ లేదు :)

ఆ బట్టీ ఎందుకు పోయింది? సరుగుడు కట్టెల ధర, పక్కన లేచిన అపార్ట్‌మెంట్ వాళ్ళ పొగ ఫిర్యాదులు. అన్నిటికన్నా ముఖ్యంగా, రాత్రంతా ఆ వేడి ముందు నిలబడే మనిషి దొరక్కపోవడం. మే నెల గుంటూరు ఎండ పగలు, బట్టీ వేడి రాత్రి. ముప్పై ఏళ్ళు అలా నిలబడ్డవాళ్ళ ముంజేతులు మీరు చూశారా? మోచేతి దాకా వెంట్రుకలుండవు.

పోయిన సంక్రాంతికి నేనూ వెళ్ళాను లెండి. బేకరీ పేరు చెప్పను. ఎన్.ఆర్.టి. సెంటర్‌కి నడిచి వెళ్ళేంత దూరం. మేం చిన్నప్పుడు "బేకరీ సాయిబు గారు" అని పిలిచే పెద్దాయన గల్లా పెట్టె దగ్గర కూర్చునే ఉన్నారు. చూపు కాస్త మందగించింది. నాన్న పేరు చెబితే గుర్తుపట్టారు. "మీ నాయనమ్మకి జొరం వస్తే రొట్టె మీరే కదా వచ్చేది" అన్నారు. గాజు బీరువా స్థానంలో స్టీలు కౌంటరు, లైట్లు. లోపల ఎలక్ట్రిక్ ఓవెన్. గోడకి క్యూఆర్ కోడ్.

నేను ఉన్న పావుగంటలో ఒక ఫ్యామిలీ వచ్చింది. చూస్తే మన బాపతే, మెడలో ఇయర్‌ఫోన్స్ ఆయనా, ఇద్దరు పిల్లలూ. దిల్‌పసంద్ అడిగారు. లేదు, ఆర్డర్ ఇస్తే చేస్తాం అన్నాడు లోపల్నుంచి వచ్చిన కుర్రాడు, అంటే పెద్దాయన రెండో అబ్బాయి. "అదే లేకపోతే ఇంకేం బేకరీ అండీ! మేం దానికోసమే వచ్చాం" అని ఆయన విసుక్కున్నాడు. పఫ్ ఎంత అని అడిగి, పాతిక అంటే, "ఈ ఊళ్ళో కూడా పాతికా?" అన్నాడు. నాలుగు తీసుకుని, ఇయర్‌ఫోన్‌లో ఎవరికో "నథింగ్ లైక్ ఓల్డ్ డేస్" అని చెబుతూ బండెక్కాడు.

నేను కుర్రాణ్ణి అడిగాను, దిల్‌పసంద్ ఎందుకు ఆపేశారని. వాడు చెప్పింది వినండి. కొబ్బరి తురుము, టూటీఫ్రూటీ, చక్కెర కలిపి, రెండు పఫ్ పొరల మధ్య పెట్టి, గుండ్రంగా పెద్దగా కాల్చి, త్రికోణం ముక్కలుగా కోస్తారు. మొత్తం కాలిస్తే ఎనిమిది ముక్కలు. ఆ రోజు ఎనిమిదీ అమ్ముడైతేనే గిట్టుబాటు. రోజూ కొనేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అదే సంక్రాంతి మూడు రోజులూ పాతికమంది వచ్చి అడుగుతారు, లేదంటే తిట్టిపోతారు. "మూణ్ణాళ్ళ కోసం సంవత్సరమంతా చెయ్యలేం కదన్నా" అన్నాడు. మన భాషలో చెప్పాలంటే ఏడాదికోసారి లాగిన్ అయ్యే యూజర్ కోసం ఒక ఫీచర్‌ని జీవితాంతం మెయింటెయిన్ చెయ్యమని అడుగుతున్నాం. మన ప్రొడక్ట్ మేనేజర్ అయితే మొదటి క్వార్టర్‌లోనే పీకి పారేసేవాడు.

"పెద్దోడు మీ లైన్లోనే ఉన్నాడు బాబూ, పూణేలో" అన్నారు సాయిబు గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాలి. రెండోవాడి పేరు చెప్పినప్పుడు ఆ వెలుగు లేదు. రెండోవాడు పక్కనే నిలబడి ఉన్నాడు.

అసలు విషయం ఇక్కడుంది. మన ఇళ్ళల్లో అమ్మానాన్నలు మనకి ఒకటే చెప్పి పెంచారు, "మాలాగ ఎండలో మాడకూడదు, చదువుకుని బయటపడు" అని. 1987లో తెల్లదోమ పత్తి మొత్తం తినేసి, గుంటూరు, ప్రకాశం రైతులు కట్టిన అప్పులకి తాళలేక పురుగుమందు తాగిన ఏడాది నుంచి ఆ మాటకి ఇంకా బలం వచ్చింది. పొలాలు అమ్మి చదివించారు. మనం బయటపడ్డాం. దానికి చుట్టాల్లో సన్మానాలు, పేపర్లో ర్యాంకుల ఫోటోలు. బేకరీ ఆయన పెద్దకొడుకు బయటపడితే అదీ గొప్పే. కానీ అందరూ బయటపడి, ఒక్క రెండోవాడు మాత్రం బట్టీ ముందు నిలబడి ఉండాలి, అదీ మనకి 1988 నాటి రుచి వచ్చేట్టు, 1988 నాటి ధరకి దగ్గరగా! పొలం విషయంలో ఇంత సిగ్గులేకుండా మాట్లాడం మనం. "మా ఊరి రైతు ట్రాక్టర్ కొన్నాడు, కమర్షియల్ అయిపోయాడు" అని ఎవరూ మెసేజ్ పెట్టరు. బేకరీ వాడు అంటే అలుసు. ఎందుకంటే వాడు మనకి తీపి పెట్టాడు.

ధర సంగతి కూడా తేల్చేద్దాం. నాకు గుర్తున్నంతలో తొంభైల మొదట్లో మా పేటలో ఎగ్ పఫ్ రెండు రూపాయలు. ఇప్పుడు పాతిక. పన్నెండు రెట్లు. ఈ ముప్పై అయిదేళ్ళలో సినిమా టికెట్ ఎన్ని రెట్లు, స్కూలు ఫీజు ఎన్ని రెట్లు, పేటలో సెంటు స్థలం ఎన్ని రెట్లు? మీరే వేసుకోండి. దశాబ్దం పైగా కదలకుండా ఒకే చోట కూర్చున్నవి నాకు తెలిసి రెండే, మన ఫ్రెషర్ల ప్యాకేజీ, చిన్న ఊళ్ళ పఫ్ ధర. అయిదు రూపాయలు పెంచాలంటే ఆయన ఆరు నెలలు ఆలోచిస్తాడు.

ఆ పాతికలో ఏముందో చూడండి. కోడిగుడ్డు ధర రోజూ పొద్దున నెక్ ప్రకటిస్తుంది, ఆయన చేతిలో లేదు. మైదా సరే. కొవ్వు పామాయిల్ నుంచి వస్తుంది. మనం వాడే పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా వాళ్ళ ప్రభుత్వం ఎగుమతులు ఆపేసింది, మూడు వారాలు పైగా. జకార్తాలో ఒకాయన సంతకం పెడితే పేటలో పఫ్ ఖర్చు మారింది. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వమే ముడి పామాయిల్ మీద 20 శాతం మూల సుంకం వేసింది, 2025 మే ఆఖరుకి దాన్ని 10కి దించింది. ఇన్ని కుదుపులు ఆ కౌంటరు వెనకున్న మనిషి మింగి, మనకి పఫ్ పాతికకే ఇస్తున్నాడు. అదే మనం ఎయిర్‌పోర్ట్‌లో అదే పఫ్ రెండొందల ముప్పైకి మాట్లాడకుండా తింటాం. రీయింబర్స్‌మెంట్ ఉంటుందిగా!

పన్నుల్లో కూడా గమ్మత్తు ఉంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రొట్టెకి సున్నా, రస్కుకి 5, కేకులు, పేస్ట్రీలు, బిస్కట్లకి 18 శాతం. అదే పిండి, అదే బట్టీ, మూడు రేట్లు. ఒకే రొట్టె పొద్దున అమ్ముడుపోతే పన్ను లేదు, మర్నాడు ఎండబెట్టి రస్కు చేస్తే పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి కేకులు, బిస్కట్లని 5 శాతానికి తెచ్చారు. మంచిదే. కానీ ఎనిమిదేళ్ళు ఆ లెక్కలు రాయడానికి ఆయన ఒక అకౌంటెంటుకి నెలనెలా జీతం కట్టాడు.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. రొట్టె తయారీ చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించిన వస్తువుల జాబితాలో ఉండేది. పచ్చళ్ళు, కొవ్వొత్తులు, అగరుబత్తీలు, తాళంకప్పలు, ఇలాంటి వాటితోపాటు. అప్పటికే ఉన్న పెద్ద కంపెనీలు ఉండేవి గానీ, కొత్తగా పెద్ద పెట్టుబడితో ఎవరు పడితే వాళ్ళు దిగడానికి వీలు ఉండేది కాదు. 2015 ఏప్రిల్‌లో ఆ జాబితాలో మిగిలిన ఆఖరి 20 వస్తువుల్నీ తీసేశారు, రొట్టెతో సహా. ఆ రోజు మన గ్రూపుల్లో ఒక్క ఏడుపు బొమ్మ కూడా పడలేదు. ఆ జాబితా తప్పో ఒప్పో వేరే చర్చ, నాకు దాని మీద పెద్ద మోజు కూడా లేదు. సరళీకరణ పుణ్యమా అని ఉద్యోగాలు తెచ్చుకున్న మనం, అదే సరళీకరణ వల్ల కిరాణా కొట్టులో కంపెనీ బ్రెడ్ ప్యాకెట్ వేలాడుతుంటే, పక్కనున్న బేకరీ వాడు మాత్రం ఏమీ జరగనట్టు పాత రోజుల్లో ఉండిపోవాలని కోరడమే నాకు అర్థం కాదు.

బెంగుళూరులో ఉండే మనవాళ్ళు అప్పుడే మొదలుపెడతారు... "మా వీధి అయ్యంగార్ బేకరీ చూడు గురూ, ఇప్పటికీ ఆ ఖారా బన్ను అలాగే ఉంది" అని. అయ్యా, ఆ అయ్యంగార్ బేకరీల కథ కూడా ఇదే. చిక్‌పేటలో బి.బి. బేకరీ 1898లో మొదలైంది. తర్వాత హాసన్ వైపు పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు వీధికొకటి పెట్టాయి. వాళ్ళ పిల్లలూ చదువుకున్నారు, వాళ్ళూ మన పక్క క్యూబికల్‌లోకే వచ్చారు. ఇప్పుడు బోర్డు మీద అయ్యంగార్ అని ఉన్న చాలా షాపుల వెనక ఉన్నవాళ్ళు వేరే వాళ్ళు. ఆ బన్ను మీకు అలాగే ఉందంటే దానికి కారణం మీరు దాన్ని రోజూ తినడం. రోజూ తినేవాడికి మార్పు తెలియదు. ఇరవయ్యేళ్ళకోసారి తినేవాడికి అన్నీ మారినట్టే ఉంటాయి.

శుభ్రం గురించి కూడా ఒక మాట. "అక్కడ హైజీన్ ఉండదు, పిల్లలకి పెట్టలేం" అనేదీ మనమే, "పాత చెక్క బల్ల తీసేసి స్టీలు పెట్టారు, ఆ ఫీల్ పోయింది" అనేదీ మనమే. ఈ రెండూ ఒకే నోటితో, ఒకే ట్రిప్పులో అన్న మహానుభావుణ్ణి నేను కళ్ళారా చూశాను.

గుడ్డు గొడవ సరేసరి. మా చిన్నప్పుడు మా వీధిలో సగం ఇళ్ళల్లోకి కేకు వచ్చేది కాదు. గుడ్డు కలుస్తుందని ఒక కారణం. చేసేది సాయిబులు, అమ్మేది కిరస్తానీలు అని పైకి చెప్పని ఇంకో కారణం. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది, ఒంగోలులో బాప్టిస్టు మిషన్ అంతకన్నా కాస్త ఆలస్యంగా. క్రిస్మస్ కేకు మన జిల్లాల్లోకి ఆ పేటల నుంచే వచ్చింది, మన నట్టింట్లోంచి కాదు. మేం ముక్క కొనుక్కుని వీధి చివర తినేసి, మూతి తుడుచుకుని ఇంట్లోకి వచ్చేవాళ్ళం. ఇప్పుడు అవే ఇళ్ళల్లో అరవయ్యేళ్ళ నాయనమ్మ చేత కేకు కోయిస్తున్నారు. సంతోషమే. కానీ "మన సంస్కృతిలో భాగమైన మా బేకరీ" అని పెద్ద పెద్ద మాటలు రాసేటప్పుడు, ఆ బేకరీ ఆయన పెళ్ళికి మన ఇంట్లోంచి ఎంతమంది వెళ్ళి భోంచేశారో కూడా ఒక వాక్యం రాస్తే బాగుంటుంది.

ఇంతకీ ఆ బేకరీ ఎలా బతుకుతోంది? మన పఫ్‌ల మీద కాదు. కేకుల మీద. పుట్టినరోజులు, అందులోనూ నాయకులవి, హీరోలవి. ఎమ్మెల్యే గారి పుట్టినరోజు అంటే సెంటర్లో బాణాసంచా, పది కిలోల కేకు, దాన్ని కొయ్యడానికి యాభై చేతులు. అన్నిటికన్నా పెద్దది డిసెంబరు 31. మన ఊళ్ళల్లో ఆ రాత్రి తెలియనిది ఎవరికి! బేకరీ ముందు రోడ్డు మీద షామియానా, బల్లల మీద వరసగా అట్టపెట్టెలు, కిలో కేకుకి కూల్‌డ్రింక్ ఉచితం అని మైకు. మిల్లులో చేసే అమ్మాయి నుంచి ఆటో నడిపే వాడి దాకా ఆ రాత్రి ఒక కేకు పట్టుకుని ఇంటికి పోవాల్సిందే. ఏడాది అద్దెలో సగం ఆ వారంలోనే వస్తుందని ఆ రెండో కుర్రాడే చెప్పాడు. ఆ కేకుల మీద క్రీము గురించి, రంగుల గురించి మనవాళ్ళు ఎంత వెక్కిరించినా, ఆ బేకరీ తలుపు తెరిచి ఉంచుతున్నది ఆ ఆకుపచ్చ క్రీమే. ఆటో అబ్బాయి "పాత రుచి లేదు" అనలేదు. వాడు రోజూ వస్తాడు, డబ్బిస్తాడు, తింటాడు, పోతాడు. ఆ బేకరీకి ఓటు హక్కు ఉన్న కస్టమర్ వాడు. మనం టూరిస్టులం.

నోస్టాల్జియా తప్పని నేను అనడం లేదు, నాకూ ఉంది. ఉంటే ఉండనివ్వండి, దానికి బిల్లు ఎదుటివాడికి పంపొద్దు. ఫోన్ నంబరు బోర్డు మీదే ఉంటుంది. ఊరికి వెళ్ళే రెండు రోజుల ముందు ఫోన్ చేసి, "అన్నా, ఒక దిల్‌పసంద్ మొత్తం కావాలి, డబ్బులు ఇప్పుడే వేస్తున్నా" అనండి. ఎనిమిది ముక్కలూ మీరే కొనండి. తినలేకపోతే పక్కింటి వాళ్ళకి పంచండి. నేను ఈ ఉగాదికి చెప్పి పెట్టాను. కొబ్బరి ముదురుది వేస్తానన్నాడు, చక్కెర కాస్త తగ్గించమన్నాను, "తగ్గిస్తే మళ్ళీ ఆ రుచి లేదంటావన్నా" అన్నాడు. తగ్గించొద్దని చెప్పాను.